మొదటి ‘కాదు’ తర్వాత

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల నెరవాలంటారు. నాకు అంత ఓపిక లేదు. పైగా నేను రిటైర్ కాలేదు, కాంట్రాక్టు అయిపోయింది. రిటైరైన వాళ్లకు శాలువా కప్పుతారు, కాంట్రాక్టు అయిపోయినవాళ్ల దగ్గర ఐడీ కార్డు వెనక్కి తీసుకుంటారు. తేడా అంతే. అయినా ఆ ఉద్యోగం గురించి చెప్పవలసింది ఒకటి నా దగ్గర మిగిలిపోయింది. కాలేజీల్లో విద్యార్థులకు సాయం చేసే కౌంటర్లలో కొత్తగా చేరుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ అది పనికొస్తుందని నా నమ్మకం. పనికిరాకపోతే సర్వర్ డౌన్ అయినప్పుడు చదువుకోండి. తీరిక దొరక్కుండా ఉండదు.

మాది లాల్‌దర్వాజా వైపు ఒక డిగ్రీ కాలేజీ. అందులో మెట్ల కింద ఉన్న గది విద్యార్థి సేవల విభాగం. పేరు పెద్దది, గది చిన్నది. బస్ పాసులు, స్కాలర్‌షిప్పులు, బోనఫైడ్ సర్టిఫికెట్లు, పరీక్షల తంటాలు, ఇంట్లో తంటాలు అన్నీ అక్కడికే వచ్చేవి. మేం ఇద్దరం: ఇన్‌చార్జి మేడం, అసిస్టెంటుగా నేను. మేడంను ప్రిన్సిపాల్ నుంచి వాచ్‌మన్ దాకా అందరూ ‘ఆపా’ అనే పిలిచేవారు. ఆమెకంటే పెద్దవాళ్లైన తండ్రులు కూడా కౌంటర్ ముందు నిలబడి, అక్కను పిలిచినంత నమ్మకంగా ఆపా అనేవారు.

ఆపా దగ్గరికి వెళ్తే పని అయిపోతుందని పేరు. విద్యార్థి సగం వాక్యం చెప్పేలోపే ఆమె చేతిలోకి ఫోన్ వచ్చేది. ఒకసారి ఒక అబ్బాయి ఉస్మాన్‌గంజ్‌లో దిగుతూ సర్టిఫికెట్ల ఫైలు ఆటోలో మరిచిపోయి ఏడుస్తూ వచ్చాడు. ఆపా ఒక కిరాణా టోకు వ్యాపారికి, ఒక ఆటో అడ్డా పెద్దమనిషికి, ఒక పాన్ డబ్బావాలాకు ఫోన్ చేసింది. సాయంత్రానికి ఫైలు వచ్చింది. దాంతోపాటు ఆటో డ్రైవర్ కూడా వచ్చాడు, తన కొడుక్కు కాలేజీలో సీటు కోసం. అదీ ఆపా చూసింది. ఆ అబ్బాయి చేసింది మాత్రం ఏడవడమే. అది కూడా బాగానే చేశాడు.

ఇలా అంతా హాయిగా ఉండగా, కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోందని కబురు వచ్చింది. కమిటీ అంటే కాలేజీకి పెళ్లివారు రావడమే. గోడలకు సున్నం వేశారు, పూలకుండీలకు రంగు వేశారు, తిరగని ఫ్యాన్లకు ‘మరమ్మతులో ఉంది’ అని చీటీ అంటించారు. ఈసారి కొత్తగా ఒక ప్రశ్న కూడా తోడైంది. తరగతి గది బయట, అంటే మాలాంటి విభాగాల వల్ల, విద్యార్థి ఏం నేర్చుకుంటున్నాడు? నేర్చుకున్నాడని మీకెలా తెలుసు?

ప్రిన్సిపాల్ సార్ మమ్మల్ని పిలిచి అదే అడిగారు.

“మా దగ్గర నేర్చుకునుడు ఏముంటది సార్? పని పట్టుకొని వస్తరు, పని చేపిచ్చుకొని పోతరు,” అంది ఆపా.

“గట్ల రాస్తే కమిటీవాళ్లు మన పని ఖతం చేసి పోతరు ఆపా,” అన్నారు సార్.

నేను ముందు సులువైన దారి పట్టాను. ‘మా సేవలతో మీరు ఎంత సంతృప్తి చెందారు?’ అని అడిగి, కింద ఏడుపు నుంచి నవ్వు దాకా ఐదు ముఖాలు గీశాను. పిల్లలందరూ పెద్ద నవ్వుకే టిక్కు పెట్టారు. పెట్టక ఏం చేస్తారు? ఎదురుగా ఆపా కూర్చుని ‘తిన్నవా బేటా’ అని అడుగుతోంది. ఇంటికి పిలిచి బిర్యానీ పెట్టిన మనిషి ముఖం మీద ఉప్పు తక్కువైందని చెప్పే ఆచారం మా ఊళ్లో లేదు. సూచనలు రాయమన్న చోట ఒకడు ‘చాయ్ మస్తుగుంది’ అని రాశాడు. అది కూడా పక్క హోటల్ చాయ్.

ఈ ఫలితాలు చూసి ప్రిన్సిపాల్ సార్ నన్ను ఒక శిక్షణకు పంపారు. పొద్దంతా స్లైడ్లు. వాటిలో మెలకువగా ఉండి విన్న మాట ఒకటుంది: ‘తెలుసుకుంటాడు’, ‘అవగాహన పొందుతాడు’ అని రాయకండి, అవి కంటికి కనబడవు. మీ దగ్గరికి వచ్చి వెళ్లాక విద్యార్థి ఏం చేయగలడో రాయండి. తర్వాత చేయించి చూడండి. సంతోషపడ్డాడా అన్నది వేరే సంగతి. విందు బాగుందనడం వేరు, వంట రావడం వేరు.

తిరిగొచ్చి ఆపాకు చెప్పాను. ఆమె ఏ మాత్రం బెదరలేదు.

“అయితే అడుగు. మన పిల్లలు హుషారు. అందరికీ అన్నీ వస్తయి.”

ఫైనలియర్ పిల్లలను ఒక్కొక్కరినే పిలిచాం. అడగవలసిన ప్రశ్న ఒకటే.

“రేపు నీకు యూనివర్సిటీల ఒక పని పడ్డది. ముందుగాల ఏం చేస్తవ్?” అన్నాను మొదటి అబ్బాయితో.

“ఆపాకు చెప్త సార్.”

“ఆపా సెలవుల ఉన్నది.”

“ఫోన్ చేస్త.”

“ఫోన్ ఎత్తలే.”

“ఇల్లు ఎరుకే సార్. ఈద్‌కు షీర్‌ఖుర్మా తాగొచ్చినం కద.”

తర్వాత వచ్చినవాళ్లూ దాదాపు ఇంతే. ఒకడు మాత్రం కాస్త ఆలోచించి “ఆపా లేకపోతే మీకు చెప్త సార్” అన్నాడు. నా హోదా పెరిగిందని నేను లోలోపల సంతోషించాను. ఆపా సంతోషించలేదు. చివరి విద్యార్థి వెళ్లిపోయాక లేచి తలుపు దగ్గరికి వేసింది.

“అంటే మూడేండ్ల సంది వీళ్లకు నేను నేర్పిందేంది?” అంది.

“మీ ఫోన్ నంబర్, ఆపా.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మా విభాగంలో మొట్టమొదటి నిజమైన మూల్యాంకనం అలా పూర్తయింది. మా తప్పు బద్ధకం కాదు, లంచం కాదు. అవైతే పేరున్న జబ్బులు, వైద్యం ఉంటుంది. మాది మర్యాద. మా వైపు ఇంటికొచ్చిన మనిషిని లేచి మంచినీళ్లు కూడా ముంచుకోనివ్వరు. మేం కౌంటర్‌ను కూడా అలాగే నడిపాం. పిల్లలు మూడేళ్లు చుట్టాల్లా వచ్చి, చుట్టాల్లా వెళ్లారు.

ఇక్కడ ఆపా గురించి ఒక మాట చెప్పాలి. అంత సర్వీసున్న మనిషి, ఒక కాంట్రాక్టు కుర్రాడు తెచ్చిన ప్రశ్న వల్ల తన పద్ధతే తప్పని తేలితే, ఆ ప్రశ్నను తప్పనడం చాలా తేలిక. నేనైతే అదే చేసేవాణ్ణి. ఆపా మర్నాడు పొద్దున్నే వచ్చి “ఏం చేద్దాం చెప్పు” అంది.

ఒకే ఒక్క వాక్యం రాసుకున్నాం: మా దగ్గరికి వచ్చిన విద్యార్థి తన పని తానే వెళ్లి అడగగలగాలి, ‘కాదు’ అంటే అక్కడితో ఆగిపోకుండా తర్వాతి దారి కనుక్కుని రాగలగాలి. దాన్ని కొలవడానికి నాలుగు మెట్లు పెట్టాం. అడగలేకపోవడం ఒకటి. అడిగి, మొదటి ‘కాదు’కే తిరిగొచ్చేయడం రెండోది. ఎందుకు కాదని అడగడం మూడోది. ఎవరిని కలవాలో, ఎప్పుడు రావాలో, ఏం తేవాలో తెలుసుకుని కదలడం నాలుగోది. గొప్ప శాస్త్రమేమీ కాదు. రేషన్ షాపు ముందు నిలబడిన ఏ అమ్మనడిగినా చెబుతుంది.

నేర్పడానికి శనివారం మధ్యాహ్నాలు ఉత్తుత్తి కౌంటర్ పెట్టాం. కసురుకునే గుమాస్తా వేషం నాది. “నువ్వు పెద్దగా యాక్టింగ్ చేసుడేం అక్కర్లేదు తీ” అని ఆపా ధైర్యం చెప్పింది. నేను టిఫిన్ బాక్సు తెరిచిపెట్టుకుని, ఫోన్లో బావమరిదితో మాట్లాడుతూ, వచ్చిన వాళ్లనల్లా రేపు రమ్మనేవాణ్ణి. నాకు బావమరిది లేడు. పాత్రకు అవసరం.

ఆ శనివారాల్లోనే ఒక అమ్మాయి వచ్చింది. బీకాం ఫైనలియర్. ఇల్లు మలక్‌పేట. తండ్రి మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తాడు. మార్కుల్లో మొదటి వరుస, మాటల్లో చివరి వరుస. నా కౌంటర్ ముందు నిలబడి “సార్, బోనఫైడ్...” అంది. నేను తలెత్తి చూశాను.

“సారీ సార్,” అని వెనక్కి తిరిగింది.

“అమ్మా, నేనింక కాదనలే!” అని అరిచాను. అప్పటికే గుమ్మం దాటింది.

మొదటి మెట్టు కింద ఇంకో మెట్టు తవ్వాలేమోనని ఆపాను అడిగాను. కానీ ఆ పిల్ల మళ్లీ శనివారం వచ్చింది. ఆ పై శనివారమూ వచ్చింది. కొన్ని వారాలకు, నేను టిఫిన్ బాక్సులోంచి తల ఎత్తకుండా “లంచ్ తర్వాత రా” అంటే, కదలకుండా అడిగింది.

“లంచ్ ఎప్పుడైతది సార్?”

నేను లేచి చప్పట్లు కొట్టాను.

“క్లర్కులు చప్పట్లు కొట్టరు. కూసో,” అంది ఆపా.

ఆషాఢంలో ఫలితాలు వచ్చాయి. లాల్‌దర్వాజా అంతా బోనాల హడావిడి. మైకులు, వేపాకు తోరణాలు, అడ్డంగా కట్టిన గుంజలు. ఆ సందడిలో ఆ అమ్మాయి మా గదికి వచ్చి, ఫోన్ తెర ఆపా ముందు పెట్టింది. ఒక పేపరు ఎదురుగా ‘ఆబ్సెంట్’ అని ఉంది.

“నేను రాసిన ఆపా. మంచిగ రాసిన.”

పీజీ ఎంట్రన్స్‌లో ఆమెకు మంచి ర్యాంకు వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలన శనివారం. అప్పటికి డిగ్రీ పాసైనట్టు చూపించకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. సప్లిమెంటరీ రాసి పాసయ్యేసరికి ఏడాది పోతుంది. మేం చదువుకున్నవాళ్లం కాబట్టి ‘ఏడాదిదేముంది’ అంటాం. తర్వాతి ఏడాది తండ్రి చదివిస్తాడో లేదో ఆమెకే తెలియదు.

ఆపా చేతిలోకి ఫోన్ వచ్చేసింది. యూనివర్సిటీ పరీక్షల విభాగం సూపరింటెండెంట్ ఆమెకు ఏళ్ల నాటి పరిచయం. అప్పుడు ఆ అమ్మాయి, గొంతు వినబడీ వినబడనట్టు, “ఆగుండ్రి ఆపా. నేను పోత” అంది.

“ఎందుకు బేటా గంత తిప్పల? ఒక్క ఫోన్ పని.”

“రేపు పీజీల గూడ గిట్లనే ఏదన్న అయితది ఆపా. గాడ మీరుండరు కద.”

ఆపా నా వైపు తిరిగింది. “విన్నవా? అంతా నువ్వు నేర్పిందే. సీటు పోతే, నీ నాలుగు మెట్లెక్కి తెస్తవా సీటు?”

ఉత్తుత్తి కౌంటర్‌లో ‘కాదు’ అన్నది నేను. అక్కడ అనేవాళ్లు నిజంగానే అంటారు. ఫోన్ చేయమని చెప్పడానికి నేను నోరు తెరిచాను కూడా. ఆ పిల్ల నాకంటే ముందు మాట్లాడింది.

“శుక్రవారం దాక టైముంది. అప్పటికి కాకుంటే మీరు చెయ్యుండ్రి ఆపా. ఒక్కసారి నన్ను పోనియ్యుండ్రి.”

ఆపా ఫోన్‌ను బల్ల మీద, పసిపాపను పడుకోబెట్టినంత నెమ్మదిగా పెట్టింది.

మొదటి రోజు పరీక్షల విభాగం కిటికీ దగ్గర ఆమెకు దొరికింది అచ్చంగా నా డైలాగే. ‘మీ కాలేజీల అడుగు.’ ఆమె కదల్లేదట. కాలేజీలో ఏం అడగాలి, ఆ కాగితం మీద సంతకం పెట్టే అధికారి ఎవరు, ఆయన ఎప్పుడు ఉంటారు అని అడిగిందట. పరీక్ష రోజు హాజరు పత్రంలో తన సంతకం ఉందని తేలితే సూపరింటెండెంట్ సరిచేయిస్తాడని చెప్పించుకుని వచ్చింది. నాలుగో మెట్టు. నేను గర్వంగా ఆపా వైపు చూశాను. ఆపా ఫోన్ వైపు చూస్తోంది.

మర్నాడు పరీక్ష రాసిన సెంటర్‌కు వెళ్లింది. అది వేరే కాలేజీ. అక్కడి గది గుమ్మంలో నిలబడ్డాక గానీ ఆమెకు గుర్తు రాలేదు. ఆ రోజు పెద్ద వాన, పైకప్పు కారుతుంటే వెనక బెంచీలో ఉన్న ముగ్గురిని పక్క గదిలోకి మార్చారు. వాళ్ల సంతకాలు విడిగా ఒక కాగితం మీద తీసుకున్నారు. ఆ విడి కాగితం సెంటర్‌లోనే ఉండిపోయి, యూనివర్సిటీకి పంపిన హాజరు పత్రాల కట్టలో చేరలేదు. మిగతా ఇద్దరూ మా కాలేజీ వాళ్లే. కనుక్కుంటే వాళ్లకూ ఆబ్సెంటే. “నసీబ్ ఖరాబ్”, తలరాత బాగాలేదు అనుకుని సప్లిమెంటరీకి చదువుకుంటున్నారు. మా విద్యార్థులు గుర్తుపట్టగలిగే అధికారి నసీబ్ ఒక్కరే.

శుక్రవారం వచ్చింది. ఆ అమ్మాయి పొద్దున్నే పరీక్షల విభాగానికి వెళ్లింది. ఆపా తన ఫోన్‌ను సొరుగులో పెట్టి, తాళంచెవి నాకిచ్చి, “నేనడిగినా ఇయ్యకు” అంది. మధ్యాహ్నం దాటింది. కబురు లేదు. ఆ పిల్ల ఫోన్ స్విచాఫ్. గల్లీలో మైకు పాటలు మా గోడల్ని అదరగొడుతున్నాయి.

“తాళం ఇయ్యి,” అంది ఆపా.

“సాయంత్రం దాక ఆగుదాం ఆపా.”

“శుక్రవారం అన్నది. సాయంత్రం అన్లే.”

నేను జేబులో తాళంచెవి వెతుక్కుంటుండగానే ఆమె సొరుగు లాగింది. తెరుచుకుంది. ఆ తాళం ఏనాడో చెడిపోయిందట. తాళంచెవి ఇచ్చింది నా తృప్తి కోసమే.

మైకుల మోతలో వినబడదని స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. అవతల సూపరింటెండెంట్ ఎత్తాడు.

“సలాం ఆపా! మస్తు దినాలాయె.”

“భాయ్, ఒక పిల్ల పని. పరీక్ష రాసింది, ఆబ్సెంట్ అని పడ్డది. రేపే దాని...”

“రూం మార్చిన పిల్లనా? మీ కాలేజీదే కద. పొద్దుగాల సంది నా ముంగటనే ఉండె. సెంటర్‌కు మనిషిని పంపి ఆ విడి కాగితం తెప్పిచ్చిన. సంతకం గూడ అయింది. ఇప్పుడే పోయింది.”

ఆపా కుర్చీలో వెనక్కి వాలింది. “షుక్ర్ హై. పని అయిందా?”

“మూడు పనులైనయి! ముందు నీదొక్కటి చేసిస్త, సీటుంది కద, పో అన్న. ఒప్పుకోలే. ‘ముగ్గుర్నీ ఒక్కసారే మార్చిండ్రు సార్, తప్పు ఒక్కటే. ఒక్కటే ఆర్డరుల ముగ్గురివీ సరిచేయుండ్రి’ అన్నది. మిగిలినోళ్లు మళ్లొస్తే నేనుంటనో లేదో అని నన్నే అడిగింది. నేనేమన్న పోయేటోని తీర్గ ఉన్ననా ఆపా?”

“లేదు భాయ్, నువ్వు నిండు నూరేండ్లుంటవ్.”

“మీ పేరు ఒక్కపాలి గూడ చెప్పలే. చెప్పుంటే చాయన్న తాపుతుంటి కద.”

ఫోన్ పెట్టేశాక నేను మా కొలబద్ద తీశాను. నాలుగు మెట్లూ ఆ పిల్ల ఎప్పుడో దాటేసింది. తన పని అయిపోతున్నప్పుడు కూడా పక్కవాళ్ల పని కోసం ఆగడం అనే మెట్టును మేం పెట్టలేదు. అలాంటిది ఒకటుంటుందని మాకు తోచలేదు. శిక్షణలో కూడా ఆ స్లైడు లేదు, లేదా నేను అప్పుడు నిద్రపోతుండాలి.

శనివారం ఆమెకు సీటు ఖాయమైంది.

తర్వాత కమిటీ వచ్చింది. ఒక పెద్దాయన మా కాగితాలు శ్రద్ధగా చదివి, విద్యార్థుల సంఖ్య తక్కువగా ఉంది, ఇంకా విస్తృతంగా చేయాలన్నారు. ఇంకొకాయన బాత్రూం ఎక్కడన్నారు. ఇద్దరికీ నేను వినయంగా జవాబు చెప్పాను. కాలేజీకి సిగ్గుపడనక్కరలేని, గొప్పలు చెప్పుకోలేని గ్రేడు ఒకటి వచ్చింది. మా గది మెట్ల కిందే ఉంది. శనివారం కౌంటర్ కూడా నడుస్తూనే ఉంది. ఆపా పద్ధతి మాత్రం మారింది. ఎవరైనా వస్తే మొదటిసారి తను వెంట వెళ్లేది, రెండోసారి పక్కన నిలబడేది, మూడోసారి కుర్చీలోంచి లేచేది కాదు. లేవకుండా కూర్చోవడం ఆమెకు ఎంత కష్టమో చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, దానికి టీఏ డీఏ ఇవ్వాలి.

నా కాంట్రాక్టు పొడిగించలేదన్న సంగతి ముందే చెప్పాను. ఎందుకు కాదని అడిగాను. ఎవరిని కలవాలో కనుక్కున్నాను, కలిశాను. పోస్టే లేదన్నారు. నాలుగు మెట్లూ ఎక్కితే పైన ఉద్యోగం ఉంటుందని మేం ఎక్కడా రాయలేదు కాబట్టి కొలబద్ద తప్పనలేను. కానీ ఆ కలిసినవాళ్లలో ఒకరు ఇంకో చోటు చెప్పారు. ఇప్పుడు అక్కడే పని చేస్తున్నాను. కౌంటర్ అవతలివాడికి ఏం చేసిపెట్టాలి, ఏం చేయకుండా ఉండాలి అన్న ఇంగితం నాకు కొంతైనా ఉంటే అది ఆపా పెట్టిన భిక్ష. ఈ మాట ఆమె ముందు అంటే “డ్రామాలు చేయకు” అంటుంది. అందుకే అచ్చులో చెబుతున్నాను.

ఇక ఆ అమ్మాయి. పీజీలో చేరిన కొన్ని నెలలకు, నేను ఇంకా ఆ ఉద్యోగంలో ఉండగానే, ఒక మధ్యాహ్నం మా గదికి వచ్చింది. ఆపాకు ఎన్నాళ్లుగానో కడుపులో ఉన్న ప్రశ్న అప్పుడు బయటపడింది.

“ఆ దినం నా పేరు ఎందుకు చెప్పలే? చెప్తే ఒక్క గంటల పని అయిపోతుండె కద?”

“పని అయిపోతుండె ఆపా. నాకు వచ్చిందో రాలేదో ఎట్ల తెలుస్తుండె?”

ఆపా నవ్వింది. తర్వాత ఫైళ్లు సర్దుతూ, తల ఎత్తకుండా అంది. “మంచిగైంది బేటా. అన్నీ నేర్చుకున్నవ్. ఇగ నాతోని నీకేం పని. చెప్పు, ఇయ్యాల ఏం పని మీద వచ్చినవ్?”

“ఏం పని లేదు ఆపా,” అంది ఆ అమ్మాయి కుర్చీ లాక్కుంటూ. “ఊకెనే వచ్చిన.”

నేను పనిచేసిన రోజుల్లో మా గదికి ఊరికే వచ్చిన మొదటి విద్యార్థి ఆమె. ఆపా కళ్లద్దాలు తీసి, కొంగుతో చాలాసేపు తుడిచింది. ఆ గదిలో దుమ్ము ఎక్కువ.